చేతిలో క్యూ ఉంది, యు లేదు

మిర్యాలగూడ నుంచి అడిగిన అమ్మగారికి,

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీ అమ్మాయి తొమ్మిదో తరగతి. బడిలో శనివారాలు స్క్రాబుల్, అంటే ఇంగ్లీషు అక్షరాల బిళ్లలు ఏడేసి చేతిలో పెట్టుకుని బోర్డు మీద మాటలు కూర్చే ఆట, ఆడిస్తున్నారు. ఇంగ్లీషులో మంచి మార్కులే వస్తాయి గానీ, ఆటలో చేతికి క్యూ, జెడ్, వి లాంటి అక్షరాలు రాగానే బిగుసుకుపోతోంది. ఫలానా అక్షరాలున్న ఇంగ్లీషు మాటలు వెతకడానికి పద్ధతి ఏమైనా ఉందా, డిక్షనరీ బట్టీ పట్టించాలా, అక్షరాలు కొడితే మాటలు చూపించే యాప్‌లు వాడనివ్వవచ్చా అని అడిగారు.

బట్టీ వద్దు. యాప్ సంగతి చివరలో చెబుతాను. నేను నల్లగొండలో ముప్పై ఏళ్లు పిల్లలకు ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. ఆ తరువాత ఆదివారాలు మా ఇంటి వరండాలో నాలుగు బోర్డులు పరిచి ఆడిస్తున్నాను. కనుక ఇక్కడ రాసేది పుస్తకంలో చదివింది తక్కువ, పిల్లలు ఎక్కడ తడబడతారో పక్కన కూర్చుని చూసింది ఎక్కువ.

ఒక మాట ముందే. ఇంగ్లీషు అక్షరాలను వాటి పేర్లతోనే రాస్తాను. ఎ అంటే మొదటి అక్షరం, ఇ అంటే ఐదోది, ఐ అంటే తొమ్మిదోది. మీ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని పైకి చదవండి, ఆమె కాగితం మీద రాసుకుంటుంది. కళ్లతో చదివి వదిలేస్తే ఈ జవాబు సగమే పనిచేస్తుంది.

వరండాకు కొత్తగా వచ్చినవారికి నేను మొదట ఇచ్చే పని ఒకటే. కె ఉన్న మాటలు రెండు నిమిషాల్లో ఎన్ని రాయగలిగితే అన్ని రాయమంటాను. కైట్, కింగ్, బుక్, మిల్క్ వస్తాయి. క్యాట్ వస్తుంది, కెమిస్ట్రీ వస్తుంది. ఆ రెండింటిలో కె లేనే లేదు. నైఫ్ మాత్రం ఎవరూ రాయరు. దానికి మొదటి అక్షరమే కె. ఇన్నేళ్లలో ఒకరిద్దరు తప్ప మొదటి రోజే నైఫ్ రాసిన పిల్లలు నాకు కనబడలేదు.

ఇది తెలివికి సంబంధించిన లోపం కాదు. మన రాత అలవాటు అలాంటిది. తెలుగులో పలికినట్టు రాస్తాం, రాసినట్టు చదువుతాం. అందుకని ఒక అక్షరం కోసం వెతకమంటే మన పిల్లలు ఆ అక్షరం కోసం కాకుండా ఆ శబ్దం కోసం వెతుకుతారు. చెవితో వెతుకుతారు. ఇంగ్లీషులో ఆ పప్పులు ఉడకవు. మన క ఒక్కటే. అదే శబ్దానికి వాళ్లు క్యాట్‌లో సి రాస్తారు, కైట్‌లో కె, క్వీన్‌లో క్యూ, కెమిస్ట్రీలో సి-హెచ్, బ్యాక్‌లో సి-కె. ఒక్క క కోసం అయిదు గడపలు తొక్కాలి. జ సంగతి ఇంకా తమాషా. జూ, జామ్, జిరాఫీ మూడింటికీ మనం జ తోనే మొదలుపెడతాం. ఇంగ్లీషులో మొదటిది జెడ్, రెండోది జె, మూడోది జి. రోజ్‌లో, మ్యూజిక్‌లో మనకు వినబడే జ అసలు ఎస్. వ్యాన్‌లోదీ వాచ్‌లోదీ మనకు ఒకే వ; ఆటలో ఆ రెండూ వేరువేరు బిళ్లలు.

పత్రికల్లో గళ్ల నుడికట్టు నింపే ఇళ్లలో పెరిగిన పిల్లలకు ఇంకో అలవాటు కూడా ఉంటుంది. తెలుగు గడిలో అక్షరం, గుణింతం, వత్తు అన్నీ కలిసి ఒకే చోట కూర్చుంటాయి. స్వరాజ్యం మనకు మూడు గళ్లు. ఇంగ్లీషులో స్వరాజ్ అని రాస్తే ఆరు గళ్లు: ఎస్-డబ్ల్యు-ఎ-ఆర్-ఎ-జె. ఈ మాటకు మళ్లీ వస్తాను, ఇది ఊరికే ఇచ్చిన ఉదాహరణ కాదు.

కనుక మొదటి పని, చెవికి వినబడని అక్షరాలను కంటికి అలవాటు చేయడం. మూగ అక్షరాల పేరుతో మీ అమ్మాయి చేత ఒక నోటుపుస్తకం పెట్టించండి. ఒక్కో పేజీకి ఒక్కో జంట. ఎన్ ముందు పలకని కె ఒక పేజీ: కత్తి, మోకాలు, ముడి, అల్లిక, మోకరిల్లడం. వీటి ఇంగ్లీషు మాటలు ఆమెకు ముందే తెలుసు, కొత్తగా ఏదీ నేర్చుకోనక్కరలేదు. ఆర్ ముందు పలకని డబ్ల్యు ఇంకో పేజీ: మణికట్టు, చుట్టడం, తప్పు, రాయడం. ఎం తరువాత పలకని బి: గొర్రెపిల్ల, దువ్వెన, బొటనవేలు, ఎక్కడం. ఎం పక్కన నోరెత్తని ఎన్: శరదృతువు, నిలువు వరుస. అప్పుకూ అనుమానానికీ ఇంగ్లీషులో మధ్యన బి ఉంది, రసీదులో చివరి టి ముందు పి ఉంది, కోటలో ఎస్ తరువాత టి ఉంది. నేను కావాలనే తెలుగు అర్థాలు ఇస్తున్నాను. ఇంగ్లీషు మాటను నేను పలికితే ఆమె మళ్లీ చెవితోనే రాస్తుంది. అర్థం చూసి మాటను తలుచుకుంటే, పుస్తకంలో చూసిన రూపం కళ్ల ముందుకు వస్తుంది.

పిల్లలు అడుగుతారు, పలకనప్పుడు ఎందుకు రాస్తారు సార్ అని. నైఫ్‌లో కె ఒకప్పుడు నిజంగా పలికినదే. 1476లో కాక్స్‌టన్ ఇంగ్లండుకు అచ్చుయంత్రం తెచ్చాక మాటల రూపం క్రమంగా గట్టిపడింది, పలుకు మాత్రం తన దారిన తాను మారుతూ పోయింది. డెట్‌లో బి కథ వేరు. ఫ్రెంచి నుంచి ఇంగ్లీషుకు వచ్చినప్పుడు ఆ మాటలో బి లేదు. లాటిన్‌లో డెబిటుం అని ఉంది కదా అని పండితులు తరువాత దూర్చారు. మనం బండి ఱను ఇంచుమించుగా వదిలేసి హాయిగా ఉన్నాం. వాళ్లు ఏదీ పారేయలేదు, పైగా కొత్తవి తెచ్చి పెట్టుకున్నారు.

ఇక అసలు బాధ, అరుదైన అక్షరాలు. స్క్రాబుల్ సంచిలో 100 బిళ్లలు ఉంటాయి. ఇ 12, ఎ 9, ఐ 9. క్యూ, జెడ్, జె, ఎక్స్, కె ఒక్కొక్కటే. ఆల్‌ఫ్రెడ్ బట్స్ అనే అమెరికా ఆర్కిటెక్టు 1930ల ఆర్థిక మాంద్యంలో పని లేక ఇంట్లో ఉన్నప్పుడు, దినపత్రికల పేజీలు ముందేసుకుని ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తోందో లెక్కపెట్టి ఈ ఆట తయారుచేశాడు. ఎస్ మాత్రం పిసినారిగా నాలుగే పెట్టాడు. ప్రతి మాట వెనుకా దాన్ని తగిలించి బహువచనం చేసుకుంటూ పోతే ఆట తేలికైపోతుందని. అందువల్ల మీ అమ్మాయి ఎస్‌ను నాలుగు పాయింట్ల కోసం ఖర్చు పెట్టకూడదు. దాన్ని పెళ్లికి దాచిన నగలా చూడాలి.

క్యూకు, జెడ్‌కు 10 పాయింట్లు. జె, ఎక్స్‌లకు 8. చేతిలో ఉంటే వరం, ఆట ముగిసేదాకా చేతిలోనే మిగిలిపోతే శాపం. చివర్లో మిగిలిన బిళ్లల విలువ మన లెక్కలోంచి పోతుంది.

పానగల్ నుంచి సైకిలు మీద వచ్చే ఒక కుర్రాడు ఉండేవాడు. ఒకనాడు వాడి చేతిలో క్యూ, ఎ, ఐ, డి, ఎన్, ఆర్, టి ఉన్నాయి. యు కోసం కాచుకుని కూర్చున్నాడు. సంచిలో యు లు మొత్తం నాలుగే. మూడు అప్పటికే బోర్డు మీద వాలిపోయాయి, వాటి పక్కన చోటు లేదు. వాడు ఒక్కో వంతుకూ రెండేసి చిన్న అక్షరాలు వేస్తూ, క్యూను వేలితో అటూ ఇటూ జరుపుతూ గడుపుతున్నాడు. నేను పక్కన కూర్చుని అడిగాను.

"పెళ్లిలో నికా చదివించేది ఎవరురా?"

"ఖాజీ గారు."

"ఉర్దూలో మనం జ అనే చోట అరబ్బీలో డ లాంటి శబ్దం ఉంటుంది. అలా రాసి చూడు."

వాడు వేలితో బల్ల మీద రాసుకున్నాడు. క్యూ-ఎ-డి-ఐ. మొహంలో వెలుగు వచ్చి వెంటనే ఆరిపోయింది. "అది ఇంగ్లీషు కాదు కదా సార్?"

ఆటలో చెల్లే మాటల జాబితా తెరిచి చూపించాను. ఉంది. ఎదుటి పిల్ల ఒప్పుకోక తానే తెరిచి చూసింది. తీరా చూస్తే ఆ నాలుగు అక్షరాలతోనే ఇంకో మాట కూడా ఉంది, క్యూ-ఎ-ఐ-డి, నాయకుడు అనే అర్థంలో. క్యూను అక్షరం విలువను మూడు రెట్లు చేసే గడిలో పెట్టి వాడు ఒక్క దెబ్బకు 34 పాయింట్లు తీశాడు. ఆ రోజు ఆట మాత్రం ఓడిపోయాడు, అది వేరే సంగతి.

"అది ఇంగ్లీషు కాదు కదా సార్" అన్న ఆ ఒక్క అనుమానం వల్లే మన పిల్లలు సగం మాటలు చేజార్చుకుంటారు. అరుదైన అక్షరాల దగ్గర పరిస్థితి తలకిందులు. ఇంగ్లీషు సొంత మాటల్లో క్యూ వెంట యు తప్పనిసరిగా ఉంటుంది, జె తో మాట ముగియదు, డి-హెచ్‌తో మాట మొదలుకాదు. ఆ నియమాలు తప్పే మాటలన్నీ దాదాపుగా బయటి నుంచి వచ్చినవే. బయట అంటే చాలాసార్లు మన వీధి.

యు లేని క్యూ మాటలు చూడండి. ఫకీరు: ఎఫ్-ఎ-క్యూ-ఐ-ఆర్. తలాక్: టి-ఎ-ఎల్-ఎ-క్యూ. ముఖానికి వేసుకునే నిఖాబ్: ఎన్-ఐ-క్యూ-ఎ-బి. యెమెన్‌లో నమిలే ఆకు: క్యూ-ఎ-టి. అన్నింటికంటే చిన్నది, అన్నింటికంటే పనికొచ్చేది చైనావారి ప్రాణశక్తి: క్యూ-ఐ. రెండక్షరాల మాటల్లో క్యూ ఉన్నది అదొక్కటే. మా నల్లగొండలో లతీఫ్ సాహెబ్ గుట్ట ఉర్సు అంటే తెలియనివారు ఉండరు. కవ్వాలీ అనే మాట చెవిన పడని పిల్లలూ ఉండరు. అది కూడా మాటే: క్యూ-ఎ-డబ్ల్యు-డబ్ల్యు-ఎ-ఎల్-ఐ. సరిగ్గా ఏడు అక్షరాలు. డబ్ల్యు బిళ్లలు సంచిలో రెండే, రెండూ కావాలి. అక్షరాల విలువే 22, ఏడు బిళ్లలూ ఒకేసారి వేసినందుకు అదనంగా 50. నా వరండాలో ఇంతవరకు ఎవరూ వేయలేదు. వేసిన రోజు అందరికీ బత్తాయి రసం నా ఖర్చు అని చెప్పి ఉంచాను.

జె తో ముగిసే మాటలు కావాలంటే కిటికీలోంచి బయటికి చూస్తే చాలు. రాజ్, తాజ్, హజ్, ఇందాకటి స్వరాజ్. జెడ్ కావాలంటే నిజాం, ఎన్-ఐ-జెడ్-ఎ-ఎం, 16 పాయింట్లు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరు మీదే పాలమూరు మహబూబ్‌నగర్ అయింది. ఆ జిల్లా పిల్లలకు ఈ మాట తట్టకపోతే నాకు కోపం వస్తుంది. జమీందారు కూడా ఉంది, జెడ్‌తో మొదలై. గద్వాల చీర అంచు మీది జరీ కూడా కాలిన్స్ అనే స్క్రాబుల్ మాటల జాబితాలో ఉంది, జెడ్-ఎ-ఆర్-ఐ. పోచంపల్లి నేతను ఇంగ్లీషులో చెప్పే ఇకత్, ఐ-కె-ఎ-టి, కె ను వదిలించుకోవడానికి బాగా పనికొస్తుంది. ఆ మాట మలయా భాష నుంచి వెళ్లింది.

రెండో అక్షరంగా హెచ్ వచ్చే మాటలకు ఒక పేజీ ప్రత్యేకంగా పెట్టించండి. ఇంగ్లీషు చెవికి మహాప్రాణాలు లేవు, కనుక మన ధ, భ, ఖ, ఘ లను వాళ్లు హెచ్ తగిలించి రాసుకున్నారు. డి-హెచ్‌తో ధోతీ, ధోబీ, ధర్మ, దాల్ అనే పప్పుకు ఒక రూపం డి-హెచ్-ఎ-ఎల్, ఇంకా మనకు బాగా పరిచయమైన ధర్నా. కె-హెచ్‌తో ఖాదీ, ఖాకీ. జి-హెచ్‌తో నెయ్యి: జి-హెచ్-ఇ-ఇ, జి-హెచ్-ఐ రెండూ చెల్లుతాయి. బి-హెచ్‌తో భాంగ్, భక్తి. కలెక్టరేటు ముందు బ్యానరు మీద చూసే మాట స్క్రాబుల్‌లో చెల్లుతుందని తెలిసినప్పుడు పిల్లలు పడే సంబరం చూడాలి. జొన్న హిందీ పేరుతో జె-ఓ-డబ్ల్యు-ఎ-ఆర్‌గా ఉంది, జె, డబ్ల్యు రెండూ ఒకేసారి పోతాయి. రాగి కూడా ఉంది, మనం తినేదే. ఇడ్లీ, దోసె, రోటీ, చీర సరేసరి.

అచ్చ తెలుగు మాట ఏదైనా ఉందా అని పిల్లలు పట్టుబట్టి అడుగుతారు. ఉంది. మన చేలల్లో గట్లు తవ్విపోసే పందికొక్కు ఇంగ్లీషులోకి వెళ్లి బ్యాండికూట్ అయింది. ఆస్ట్రేలియాలో ఇంకో జంతువుకూ అదే పేరు పెట్టారు. తొమ్మిది అక్షరాలు, బోర్డు మీద వేయడం దాదాపు అసాధ్యం. అయినా నేను చెప్పకుండా ఉండలేను.

అయితే మన మాట కదా అని కళ్లు మూసుకుని వేయకూడదు. ఊర్ల పేర్లు, మనుషుల పేర్లు, భాషల పేర్లు చెల్లవు. నల్లగొండ చెల్లదు, తెలుగు చెల్లదు, ఉర్దూ చెల్లదు. పక్కా అనే మాట పి-యు-కె-కె-ఎ రూపంలో చెల్లుతుంది గానీ, సంచిలో కె ఒక్కటే కనుక రెండో కె స్థానంలో ఏ అక్షరంగానైనా వాడుకోగల ఖాళీ బిళ్ల పెట్టాలి. పిజ్జాకూ అదే ఇబ్బంది, జెడ్ ఒక్కటే. ఇంకా ముఖ్యం, ఏ జాబితా ప్రకారం ఆడుతున్నారో బడిలో ముందే అడగండి. అమెరికా, కెనడాల్లో ఒక జాబితా, మిగతా చాలా దేశాల్లో కాలిన్స్ జాబితా. కాలిన్స్‌లో రెండక్షరాల మాటలు 127. ఆ 127 మాత్రం నేర్చుకోవాలి, బట్టీ అనండి, ఇంకేమైనా అనండి. ఎక్కాలు రాకుండా లెక్కలు చేయలేం కదా. ఉత్తరం వైపు గోడకు ఒక అట్ట మీద రాసి తగిలించండి, రోజూ జడ వేసుకునేటప్పుడు కళ్లబడుతుంది.

ఇప్పుడు చేతిలోని ఏడు బిళ్లల సంగతి. మామూలు అక్షరాలే ఉన్నా మాట తట్టకపోవడానికి కారణం, డిక్షనరీ అలవాటు కొద్దీ అందరూ మొదటి అక్షరం నుంచి వెతకడం. తోక నుంచి వెతకమని చెప్పండి. ఐ, ఎన్, జి ఉంటే ఆ మూడింటినీ కుడి చివరకు జరిపేయాలి. మిగిలిన నాలుగింటితో ఒక క్రియ దొరికితే పని అయిపోయినట్టే. ఇ-డి, ఇ-ఆర్, ఎల్-వై, ఇ-ఎస్-టి కూడా అలాంటి తోకలే. ఎడమ చివరకు ఆర్-ఇ, యు-ఎన్, ఓ-యు-టి. బిళ్లలను వరుసగా పెట్టి కూర్చోకుండా కలుపుతూ ఉండాలి. ఒకే వరుసను పది నిమిషాలు చూస్తే పదకొండో నిమిషంలో కూడా అదే కనబడుతుంది.

కొన్ని ఆరు అక్షరాల గుంపులు బంగారు గనులు. కంటిలోని రెటీనా అలాంటిదే: ఆర్-ఇ-టి-ఐ-ఎన్-ఎ. దానికి సి చేరిస్తే సర్టెన్, పి చేరిస్తే పెయింటర్, డి చేరిస్తే ట్రెయిన్డ్, టి చేరిస్తే నైట్రేట్, ఎల్ చేరిస్తే రిలయంట్, జి చేరిస్తే గ్రానైట్, అంటే మా గుట్టలన్నీ ఏ రాయితో ఉన్నాయో ఆ రాయి. అన్నీ ఏడక్షరాల మాటలు, ఒక్కొక్కటీ 50 పాయింట్ల అదనం తెచ్చేవి. చేతిలో ఈ ఆరూ చేరుతున్నాయని కనిపెడితే, ఏడోది వచ్చేదాకా ఒకటి రెండు వంతులు చిన్న మాటలతో సరిపెట్టుకోవచ్చు.

చేతిలో అచ్చులు లేకపోతే వై ఉందేమో చూడాలి. రిథమ్, లింక్స్ అనే అడవిపిల్లి, క్రిప్ట్, నింఫ్, ఇవన్నీ వై తో నడిచేవి. వై కూడా లేకపోతే లోయను చెప్పే వెల్ష్ మాట ఒకటి, సి-డబ్ల్యు-ఎం. సందడి ఆపమనే ఎస్-హెచ్. ఆలోచనలో పడ్డప్పటి హెచ్-ఎం. అన్నీ అచ్చులే వస్తే ఆడియో, అడ్యూ. ఒక్కోదానిలో నాలుగేసి అచ్చులు ఖర్చవుతాయి.

మీ అమ్మాయి ఇంట్లో వర్డల్ కూడా ఆడుతుందని రాశారు. అది వేరే జాతి. 2021లో జాష్ వార్డల్ అందరికీ విడుదల చేశాడు, 2022లో న్యూయార్క్ టైమ్స్ కొన్నది. దాచిన అయిదక్షరాల మాటను ఆరు ప్రయత్నాల్లో కనిపెట్టాలి; వేసిన ప్రతి మాటలో ఏ అక్షరాలు సరిపోయాయో ఆట చూపిస్తుంది. అక్కడ అరుదైన మాటలు తెలియనక్కరలేదు, జవాబులు మామూలు మాటలే. కావలసింది ఏది కాదో తేల్చుకోవడం. పిల్లలు పడే గొయ్యి ఒకటే: చివరి నాలుగు ఐ-జి-హెచ్-టి అని తేలుతుంది, ఇక లైట్, నైట్, ఫైట్, మైట్, రైట్, సైట్, టైట్ అని ఒక్కొక్కటే వేస్తూ ప్రయత్నాలన్నీ తగలేస్తారు. అలా కాకుండా జవాబు కాదని తెలిసినా ఫిల్మ్స్ అని ఒకసారి వేస్తే, ఎఫ్, ఎల్, ఎం, ఎస్ నాలుగూ ఒకేసారి తేలిపోతాయి. ఒక అడుగు వెనక్కి వేయడం ఇష్టం లేని పిల్లలకు ఇది నేర్పడం కష్టం. పెద్దవాళ్లకు ఇంకా కష్టం.

వెతికే సాధనాల గురించి. ఇంటర్నెట్‌లో వన్‌లుక్ అనే నిఘంటువు ఉంది. తెలియని ఒక్కో అక్షరానికి ఒక ప్రశ్నార్థకం, ఎన్ని అక్షరాలైనా ఉండవచ్చు అనే చోట ఒక నక్షత్రం గుర్తు పెడితే సరిపోయే మాటలన్నీ ఇస్తుంది. కె తో మొదలై ఇ తో ముగిసే అయిదక్షరాల మాటలు కావాలంటే కె, మూడు ప్రశ్నార్థకాలు, ఇ. అంతే. నాకు దానికంటే ఇష్టమైనది సొంత జాబితా. ఎనేబుల్ అనే పేరుతో 1,72,820 ఇంగ్లీషు మాటల జాబితా ఉచితంగా దొరుకుతుంది. దాన్ని ఎక్సెల్‌లో ఒక నిలువు వరుసగా తెరిచి, వడపోతలో క్యూ ఉండాలి, యు ఉండకూడదు అని రెండు షరతులు పెడితే ఒక్క క్షణంలో మొత్తం గుంపు కళ్ల ముందు ఉంటుంది. ఆ జాబితా పాతది, క్యూ-ఐ అందులో లేదు. అమెరికా ఆటగాళ్లకు ఆ మాట 2006లోనే వచ్చింది. జాబితా ఏదో చూసుకోమని నేను పైన అన్నది ఇందుకే.

ఒకే అక్షరాలతో అయ్యే వేరువేరు మాటలు పట్టుకోవడానికి కంప్యూటర్ అక్కరలేని కిటుకు ఒకటి ఉంది. మాటలోని అక్షరాలను వర్ణమాల వరుసలో పేర్చి రాయాలి. ఖాజీ మాట ఎ-డి-ఐ-క్యూ అవుతుంది, నాయకుడి మాట కూడా ఎ-డి-ఐ-క్యూ అవుతుంది. నోటుపుస్తకంలో ఎడమవైపు ఈ పేర్చిన వరుస, కుడివైపు దానితో వచ్చే మాటలు. ఆటలో చేతికి వచ్చిన బిళ్లలను కూడా ముందు ఇలాగే పేర్చుకుంటే, పుస్తకంలో చూసిన వరుస ఇట్టే గుర్తుకు వస్తుంది. పెద్ద ఆటగాళ్లు చేసేది ఇదే.

యాప్‌లు వాడనివ్వవచ్చా అన్నారు. ఆట నడుస్తుండగా ఒద్దు, అది మోసం. ఎదుటివారు చూడలేదని మోసం కాకుండా పోదు. ఆట అయ్యాక వాడనివ్వండి, వాడమని చెప్పండి కూడా. నా వరండాలో నియమం ఇది: ఏ వంతులో చేతులెత్తేశారో ఆ ఏడు అక్షరాలను అక్కడికక్కడే ఒక చీటీ మీద రాసుకోవాలి. ఆట ముగిశాక ముందు అయిదు నిమిషాలు సొంతంగా వెతకాలి, ఆ తరువాతే ఫోను. అలా దొరికిన మాట మరిచిపోరు, ఎందుకంటే దానివల్ల ఓడిన కసి కూడా దానితో పాటే గుర్తుంటుంది. ఫోను ముందు, ఆలోచన తరువాత అయితే ఆ మాట మరుసటి ఆదివారానికి ఉండదు. ఇది నేను చాలామంది పిల్లల్లో చూశాను, ఒక మనవడిలో కూడా.

వి గురించి వేరుగా అడిగారు, మరిచిపోయేవాణ్ని. వి తో రెండక్షరాల మాట ఒక్కటి కూడా లేదు, వెతికి సమయం పాడు చేసుకోవద్దని చెప్పండి. ఇ తో కలిపి చివరలో పెట్టే మాటలు చూసుకోవాలి: అయిదు, ఇవ్వడం, ప్రేమ, గుహ, అల. వీటి ఇంగ్లీషు మాటలన్నిటా చివర వి-ఇ.

మీ అమ్మాయికి ఒక పని ఇచ్చి ముగిస్తాను. ఇ, ఐ, ఎల్, ఎన్, ఎస్, టి. ఈ ఆరు అక్షరాలూ వాడి అయిదు మాటలు రాయాలి. ఒకటి వినడం, ఒకటి నిశ్శబ్దం, ఒకటి సైన్యంలో పేరు రాయించుకోవడం, ఒకటి సముద్రం నేలలోకి చొచ్చుకొచ్చే సన్నని పాయలు. అయిదోది పండుగలకు అలంకరణగా వేలాడదీసే తళుకు తోరణం. మొదటి దానిలో ఒక మూగ అక్షరం ఉంది, చెవితో వెతికితే దొరకదు.